బండ చదువు

మా నంద్యాల వైపు బండకు గౌరవం ఎక్కువ. ఇంట్లో కాలు పెడితే బేతంచెర్ల నాపబండ. పెరట్లోకి పోతే బట్టలుతికే బండ. ఆళ్లగడ్డకు పోతే శిల్పుల ముందు పడుకుని, రేపో మాపో దేవుడు కాబోతున్న బండ. ఇక చెప్పిన మాట తలకెక్కని మొగుడు సరేసరి, ఒట్టి బండ! ఇన్ని బండలు చాలవన్నట్టు వంటింట్లోకి వచ్చి కూర్చుంది గ్యాసుబండ. రాయీ కాదు, రప్పా కాదు. అయినా ఆ ఎర్ర ఇనుప సిలిండరుకు ఏ మహాతల్లి పెట్టిందో గాని ఆ పేరే స్థిరపడిపోయింది.

తక్కిన బండల మీద కూర్చుంటాం, ఉతుకుతాం, నూరుతాం. ఈ బండ దగ్గర మాత్రం కొత్తల్లుడి దగ్గర మసిలినట్టు మసులుతాం. మర్యాదకు లోటు చెయ్యం, మనసు విప్పి మాట్లాడం. పసుపు బొట్టు పెట్టినవాళ్లను కూడా నేను చూశాను. కాని, ‘మీ బండ మీద ఏం రాసుందమ్మా?’ అని అడిగి చూడండి. ముప్పై ఏళ్లు కాపురం చేసిన ఇల్లాలు కూడా కంపెనీ పేరు చెప్పి ఊరుకుంటుంది. రోజుకు మూడు పూటలా మన చెయ్యి తగిలే వస్తువు, దాని ముఖం మీద రాసిన రాత మనకు తెలియదు. ఇదేం చోద్యమో చూడండి!

ఈ చోద్యం నా కళ్లబడడానికి కారణం మా చిన్నమ్మ కొడుకు ఆడుకునే ఒక ఆట.

చిన్నమ్మది ఆళ్లగడ్డ. డెబ్బై రెండేళ్లు. చిన్నాయన పోయినప్పటి నుంచి ఆ ఇంట్లో ఒంటరిగానే ఉంటోంది. ఒక్కగానొక్క కొడుకు అమెరికాలో, డల్లాసులో. వయసు నలభై దాటినా వాడికి ఆటల పిచ్చి పోలేదు. శనివారం వస్తే స్నేహితులతో కలిసి పెయింట్‌బాల్ అనే ఆటకు పోతాడు. రంగునీళ్లు నింపిన మెత్తని గోళీలను తుపాకిలో పెట్టి ఒకరినొకరు కొట్టుకోవడం. గోళీ ఒంటికి తగిలి పగిలి రంగు పడిందా, వాడు ఆటలోంచి అవుటు. మనం వసంతాలాడుకున్నట్టే గాని, దానికి తుపాకి, ముసుగు, ముళ్లపొదల్లో దాక్కోవడం.

1981లో న్యూహాంప్‌షైర్ రాష్ట్రంలో 12 మంది పెద్దమనుషులు అడవిలో ఈ ఆట మొదలుపెట్టారట. వాళ్లు వాడిన తుపాకులు ఆటకోసం పుట్టినవి కావు. అడవిలో చెట్లకూ, మందలో పశువులకూ దూరంనుంచి రంగుచుక్క పెట్టడానికి చేసినవి. చెట్టుకు పెట్టే చుక్క మనిషికి పెడితే ఎట్లుంటుందని ఎవరికో తోచింది, ఆట పుట్టింది.

ఆ తుపాకిలోంచి గోళీని తోసేది మందుగుండు కాదు, ఉత్త గాలి. ఆ గాలిని అణిచి అణిచి నింపిన చిన్న సీసాలాంటి ట్యాంకు ఒకటి తుపాకి వెనక బిగిస్తారు. మా చిన్నమ్మ దానికి ‘గాలిబుడ్డి’ అని పేరు పెట్టింది. చూడబోతే థర్మాస్‌ఫ్లాస్కంత ఉంటుంది. మన కారు టైరులో చదరపు అంగుళానికి 30 పౌండ్లకు కాస్త అటూ ఇటూ గాలి కొట్టిస్తాం కదా, ఆ బుడ్డిలో 3000 పౌండ్లు ఉంటుంది. కొన్నిట్లో 4500. అంటే మన టైరుకు నూరు రెట్ల పైమాటే.

కిందటేడు, 2025 ఏప్రిల్‌లో, నేను చిన్నమ్మను చూడపోయిన రోజునే వాడు వీడియోలో మాట్లాడుతూ, కొత్త గాలిబుడ్డి కొన్నానని చూపించాడు. అరగంట ఉపన్యాసం! ‘కొనేటప్పుడు రంగు చూడకూడదక్కా, ముద్ర చూడాలి. ఎప్పుడు చేశారు, ఎంత ఒత్తిడికి చేశారు, ఎప్పుడు పరీక్ష చేశారు అన్నీ దాని మీదే ఉంటాయి. ఐదేళ్లకోసారి లోపల నీళ్లు నింపి ఒత్తిడి పెట్టి పరీక్ష చేయించాలి. తేదీ దాటిందంటే దుకాణంవాడు గాలి నింపడు, వెనక్కి పంపేస్తాడు’ అన్నాడు.

‘గాలిబుడ్డికి నీళ్లెందుకురా?’ అన్నాను.

‘నీళ్లు అణగవక్కా. పరీక్షలో బుడ్డి చీలినా నీళ్లు కారి ఊరుకుంటాయి. అదే గాలితో పరీక్ష చేస్తే ముక్కలు ఎగిరి మీద పడతాయి.’

చిన్నమ్మ పక్కనుంచి, ‘కొత్త కుండ తెస్తే మేమూ నీళ్లు పోసే చూస్తాం లేరా’ అంది.

వాడు ఆగలేదు. బుడ్డిని ఎండలో నిలబెట్టిన కారులో వదలకూడదట. మూతి దగ్గర నూనె, గ్రీజు తగలనివ్వకూడదట. అంత ఒత్తిడి గాలి నూనెకు తగిలితే మంట పుట్టవచ్చు. దాచిపెట్టేటప్పుడు పూర్తిగా ఖాళీ చెయ్యకుండా కొంచెం గాలి ఉంచాలట, లోపలికి చెమ్మ చేరకుండా. పైన చుట్టిన నారపొర లోతుగా గీసుకుపోతే ఇక దాన్ని వాడకూడదట. మూతిని సొంతంగా విప్పబోవడం అసలే కూడదట. పరీక్షకు ముందు రాత్రి కూడా వాడు ఇంత చదివినవాడు కాదు!

అంతా చెప్పి చివర్లో గొంతు మార్చాడు. ‘అమ్మా, నువ్వు ఆ గ్యాసుబండ తీసేయ్. నాకు భయంగా ఉంది. కరెంటు పొయ్యి పెట్టుకో. లేదంటే ఇల్లు అద్దెకిచ్చేసి నంద్యాలకు అక్క దగ్గరికి పో.’

ఎక్కడో గ్యాసు మంటలు లేచి ఇల్లు కాలిపోయిన వీడియో ఒకటి వాడి ఫోనులోకి వచ్చిందట. అది తల్లికీ పంపాడు. ఆమె నాలుగుసార్లు చూసింది.

ఆ మాటకు చిన్నమ్మ నా వైపు తిరిగింది. ‘మీ ఇంటికి వస్తా పాపా. పండగకు వస్తా, పబ్బానికి వస్తా. బండకు భయపడి మాత్రం రాను.’

మాట గట్టిగానే ఉంది. కాని ఆ రాత్రి వంటింట్లో పొయ్యి వెలగలేదు. పొద్దున చేసిన ఉగ్గాని గిన్నెలో ఉంటే నాకూ పెట్టి తానూ తినింది. మర్నాటి రాత్రీ అంతే, బొరుగులు, మజ్జిగ. గట్టిగా అడిగితే అప్పుడు చెప్పింది. రాత్రిళ్లు పొయ్యి వెలిగించడం మానేసి నెల దాటిందట! ‘పగలైతే ఎవరన్నా పరిగెత్తుకొస్తారు. రాత్రి ఏమన్నా అయితే ఎవరొస్తారు?’ అంది.

నాకు మనసు చివుక్కుమంది. కొడుకు పంపిన భయం తల్లికి ఒక పూట అన్నం మాన్పించింది.

నిజానికి ఆమె భయం ఆ వీడియోతో పుట్టింది కాదు. మా తరంవాళ్లకు జ్ఞాపకం ఉంటుంది, పంపు కొట్టే కిరసనాయిలు స్టవ్వులు. అవీ గాలిని అణిచిపెట్టే బుడ్లే. ఆ పంపుతో లోపలికి గాలి కొడితే ఆ గాలి నూనెను పైకి తోసేది. 1980ల్లో పేపరు తెరిస్తే ‘స్టవ్వు పేలి గృహిణి మృతి’ అని ఏదో ఒక మూల కనబడేది. ఆ స్టవ్వులకు ఏం తెలివో, కోడలు దగ్గరకొచ్చినప్పుడే పేలేవి, అత్తగారు వెలిగిస్తే పేలేవి కావు! 1983లో 498-ఎ సెక్షనూ, 1986లో వరకట్న మరణాల సెక్షనూ చట్టంలోకి వచ్చాయంటే ఊరికే రాలేదు. చిన్నమ్మ కొత్తగా కాపురానికొచ్చినప్పుడు వాళ్ల వీధిలోనే ఒకమ్మాయి అట్లా పోయింది. ‘పొయ్యి పేలింది’ అనే మాట విన్నప్పుడల్లా ఆమెకు ఆ పిల్ల ముఖమే కనబడుతుంది. ఇది గ్యాసు భయం అనుకుంటాం గాని, దాని కింద ఇంకా పాత భయం ఉంది.

తరవాత వంటిళ్లు మారాయి. నల్లమల కట్టెలు పోయాయి, రంపపుపొట్టు పొయ్యిలు పోయాయి. గ్యాసు కనెక్షన్ కోసం పేరు రాయించి ఏళ్ల తరబడి ఎదురుచూసిన రోజులూ పోయాయి. 1999లో ఉమ్మడి రాష్ట్రంలో దీపం పథకం వచ్చింది, 2016లో ఉజ్జ్వల వచ్చింది, 2024లో మన రాష్ట్రంలో అర్హులైన కుటుంబాలకు ఏడాదికి మూడు బండలు ఉచితమన్నారు. బండలు ఇంటింటికీ వచ్చాయి, చాలా సంతోషం. బండ చదువు మాత్రం బండతోపాటు రాలేదు.

కరెంటు పొయ్యి పెట్టుకుంటే ఏమవుతుంది అంటారా? నేనూ అన్నాను. చిన్నమ్మ అటకమీది గిన్నెలు చూపించింది. ఇత్తడి గుండు, రాగి చెంబు, సత్తు డేకిసాలు. అయస్కాంతం అంటుకోని గిన్నెలు ఇండక్షన్ పొయ్యి మీద వేడెక్కవు. అహోబిలం బ్రహ్మోత్సవాలకు పోయే చుట్టాలందరికీ ఆ ఇల్లే మజిలీ. ఇరవై మందికి ఓళిగలు చేసే మనిషిని, ఈ గిన్నెలన్నీ తీసి పారేసి ఒక చిన్న పలక మీద పప్పు ఉడికించుకో అంటే, వంట మార్చుకో అన్నట్టు కాదు, మనిషినే మారిపో అన్నట్టు.

అందుకని మర్నాడు పొద్దున కాఫీలయ్యాక ఇద్దరం బండ ముందు పీటలేసుకుని కూర్చున్నాం. మావారు ఉద్యోగరీత్యా ఇలాంటి విషయాలు తెలిసిన మనిషి కావడంతో నాకూ కొంత అబ్బింది. అది ఆమెకు అప్పజెప్పాను.

ముందు బండ కూర్చున్న చోటు చూశాం. గట్టు కింద, తలుపులు బిగించిన అరలో ఉంది. గ్యాసు గాలికంటే బరువు. కారితే పైకి పోదు, నీళ్లలాగా నేలకు దిగి మూలల్లో నిలుస్తుంది. తలుపులేసిన అరలో కారితే అక్కడే మడుగు కడుతుంది. వడ్లాయనను పిలిపించి ఆ తలుపులు ఊడదీయించాం. రెండో బండ వసారాలో బియ్యం మూట పక్కన పడుకుని ఉంది. నిండు బండను పడుకోబెట్టకూడదు, నిలబెట్టాలి. లోపల ఉన్నది ద్రవం, మనకు కావలసింది దాని పైన ఉండే ఆవిరి. పడుకోబెడితే మూతి దగ్గరికి ద్రవం వస్తుంది, ఆ ద్రవం బయటపడిందంటే దాదాపు 250 రెట్లు గ్యాసై పరుచుకుంటుంది. నింపేటప్పుడు కూడా బండలో కొంత ఖాళీ వదిలే నింపుతారు, ఎండకు ద్రవం ఉబ్బితే చోటుండాలని. ఆవకాయ జాడీ అంచుదాకా నింపం కదా, అట్లాగే. నిలబెట్టి, నైలాను తాడుకు వేలాడే టోపీని మూతికి బిగించి, గాలి ఆడే చోట పెట్టాం.

తరవాత వాసన సంగతి. గ్యాసుకు తనదంటూ వాసన లేదు. ఆ కుళ్లు వాసన మనల్ని హెచ్చరించడానికి కావాలని కలిపినది. అది ముక్కుకు తగిలితే స్విచ్చి ముట్టుకోకూడదు, వెయ్యనూ కూడదు, తియ్యనూ కూడదు. రెండింటికీ నిప్పురవ్వ పుడుతుంది. పొయ్యి, దీపం ఆర్పి, రెగ్యులేటరు కట్టేసి, టోపీ పెట్టి, తలుపులూ కిటికీలూ తెరిచి, బయటికి వచ్చి 1906కి ఫోను చెయ్యాలి. రాత్రయినా పగలైనా పలుకుతారు. ‘రాత్రి కూడానా?’ అని చిన్నమ్మ రెండుసార్లు అడిగింది. గోడమీద క్యాలెండరు పక్కన బొగ్గుతో పెద్దగా రాసుకుంది. ఏజెన్సీ పొట్టిపుస్తకంలో ఆ నంబరు ఎప్పటినుంచో ఉంది. ఆ పుస్తకం మాత్రం బీరువాలో పట్టుచీరల కింద భద్రంగా ఉంది.

ఇంకో మాట కూడా చెప్పాను. బండ తనంతట తాను పేలడం అరుదు. ముప్పు ఎక్కువగా వచ్చేది చిన్నచిన్న చోట్ల నుంచి. వాడిపోయిన పైపు, మూతిలో అరిగిన రబ్బరు వాషరు, పాలు పొంగి ఆరిపోయినా తెరిచే ఉన్న పొయ్యి. పైపును ఐదేళ్లకొకసారి మార్చాలి. అనుమానం వస్తే సబ్బునురుగు రాసి బుడగలొస్తాయేమో చూడాలి గాని, అగ్గిపుల్ల గీసి చూడకూడదు. రాత్రి పడుకునే ముందు రెగ్యులేటరు కట్టెయ్యాలి. వాకిలి గడియ వేసుకోవడం ఎట్లాగో ఇదీ అట్లాగే.

చివరికి బండ ముఖం మీద రాత. పైన చేత్తో పట్టుకునే వలయానికి మూడు కాళ్లలాంటి పట్టీలుంటాయి చూడండి. ఒకదాని లోపలివైపు ఒక ఇంగ్లీషు అక్షరం, పక్కన రెండంకెలు ఉంటాయి. అది గ్యాసు తేదీ కాదు, బండను మళ్లీ పరీక్షకు పంపాల్సిన గడువు. ఏ అంటే జనవరి నుంచి మార్చి, బి అంటే ఏప్రిల్ నుంచి జూన్, సి అంటే జూలై నుంచి సెప్టెంబరు, డి అంటే అక్టోబరు నుంచి డిసెంబరు. అంకెలు సంవత్సరం. బండనూ తమ్ముడి గాలిబుడ్డిలాగే నీళ్లు నింపి ఒత్తిడి పెట్టే పరీక్షిస్తారు.

చిన్నమ్మ ఐదో తరగతితో చదువు ఆపిన మనిషి. ఇంగ్లీషు అక్షరాలు నాలుగూ నేర్చుకోవడానికి ఆమెకు పావుగంట పట్టలేదు. నేను చెప్పిన నెలలు మాత్రం ఆమెకు నచ్చలేదు. తన లెక్క తాను కట్టుకుంది. ‘ఏ అంటే సంక్రాంతి, శివరాత్రి. బి అంటే ఆవకాయ. సి అంటే శ్రావణమాసం. డి అంటే దీపావళి, అది అక్షరంలోనే ఉండాదిలే.’ ఇంతకంటే తేలికగా ఏ కంపెనీవాడు చెప్పగలడో మీరే చెప్పండి!

ఆ రాత్రి జొన్నరొట్టె కాల్చింది. పొయ్యి కట్టేశాక వంగి రెగ్యులేటరు తిప్పి, ‘పడుకో ఇంక’ అని బండతో అంది.

నేను నంద్యాలకు వచ్చేశాక, మే నెలలో జరిగిన సంగతి ఆమె ఫోనులో చెప్పింది. ఎండ మంటలు మండుతున్న మధ్యాహ్నం గ్యాసబ్బాయి బండ తెచ్చాడు. సీలు చూసింది. తూకం వేయించింది, ఖాళీ బండ బరువు పట్టీమీద రాసి ఉంటుంది కదా, దానికి 14.2 కిలోలు కలిపితే సరిపోవాలి. సరిపోయింది. తరవాత కళ్లజోడు తెచ్చుకుని పట్టీ లోపల చూసింది. ఏ-25.

‘ఇది శివరాత్రికే అయిపోయింది నాయనా. మార్చి దాటింది. ఇంకోటియ్యి’ అందట.

ఆ పిల్లవాడు విసుక్కోలేదు గాని వింతగా చూశాడట. ‘గ్యాసు పాడు కాదవ్వా. ఆ డేటు గ్యాసుకు కాదు, బండకు.’

‘నేనూ అదే అంటాండా. గ్యాసును పట్టుకుని ఉండేది బండే కదా!’

ముప్పై కిలోల బరువు, మళ్లీ మోసుకుపోవాలి. అబ్బాయి ఒక్క క్షణం ఆలోచించి నవ్వాడట. ‘ఇన్నేళ్లలో ఈ మాట అడిగింది నువ్వొక్కదానివే అవ్వా’ అని బండిలోంచి ఇంకోటి తెచ్చాడు. ఈసారి అక్షరం డి, అంకె 28. ‘దీపావళిది’ అని చిన్నమ్మ ఒప్పుకుంది. మూతి తెరిపించి, కారడంలేదని చూపించమని, రెగ్యులేటరు పెట్టించుకుని, చల్లటి మజ్జిగ ఇచ్చి పంపింది. ‘వాడు మాత్రం ఏం చేస్తాడు పాపా, వాడికిచ్చిన బండ వాడు తెస్తాడు. చూసుకోవాల్సింది మనం’ అంది నాతో.

ఇదంతా విన్నాక తమ్ముడిని ఒక మాట అడగకుండా ఉండలేకపోయాను. ‘శనివారం ఆటకోసం అంత చదువు చదివావే, మీ అమ్మ మూడు పూటలా ముట్టుకునే బండ గురించి ఒక్క ముక్క ఎందుకు చెప్పలేదురా?’

వాడు కాసేపు మాట్లాడలేదు. ‘అమ్మ భయపడుతుందనుకున్నానక్కా’ అన్నాడు.

వాడిమీద కోపం రాలేదు నాకు. మన ఇళ్లలో పద్ధతే అంత. మగపిల్లవాడి చేతికి వస్తువు ఇస్తే దాని చదువు కూడా ఇస్తాం. ఆడదాని చేతికి వస్తువు ఇచ్చి భయం మాత్రం ఇస్తాం. ‘నువ్వు ముట్టుకోకు, నీకు తెలీదు’ అంటాం, వంట మాత్రం ఆమే చెయ్యాలి. ఆళ్లగడ్డ శిల్పి రాయిని ఎంచుకునేటప్పుడు సుత్తితో తట్టి శబ్దం వింటాడు. గంటలాగా మోగితే మంచిరాయి, మొద్దుగా పలికితే లోపల బీట ఉన్నట్టు. ఆయనకు రాయంటే భయమూ లేదు, నిర్లక్ష్యమూ లేదు. తెలిసినవాడికి ఉండేది జాగ్రత్త. భయం తెలియనివాళ్లకు మిగిలేది.

ఇప్పుడు ఆళ్లగడ్డ ఇంట్లో రాత్రిపూట పొయ్యి వెలుగుతోంది. ఇల్లు అద్దెకిచ్చే మాట తమ్ముడు ఎత్తడం మానేశాడు. చిన్నమ్మ మాత్రం మొన్న వీడియోలో వాడిని వదల్లేదు.

‘ఒరే, నీ పాత గాలిబుడ్డి ఉండాది కదా, దాని పరీక్ష ఎప్పుడు?’

వాడు తల గోక్కున్నాడు. ‘చూడాలమ్మా.’

‘ఇప్పుడే పోయి చూసి రా. నేను ఉంటాలే’ అని చిన్నమ్మ ఫోనును పప్పుడబ్బాకు ఆనించి, రొట్టెపిండి కలపడం మొదలుపెట్టింది.